ఇంట్లో బీరు కాచుకోవడానికి కరెంటు పొయ్యి: ఇండక్షనా, ఎలిమెంటా, రెడీమేడ్ యంత్రమా?

మూడో_అంతస్తు

టెక్సస్‌లో ఉన్నన్నాళ్లూ పెరట్లో ప్రొపేన్ బర్నర్ మీద 5 గ్యాలన్ల బ్యాచ్ కాచుకునేవాడిని. ఇప్పుడు న్యూజెర్సీలో అద్దె అపార్ట్‌మెంటుకు మారాం. బాల్కనీలో మంట పెట్టకూడదని లీజులోనే రాసి ఉంది. ప్రొపేన్ బర్నర్‌ను ఇంటి లోపల వెలిగించడమంటే కార్బన్ మోనాక్సైడ్‌ను పిలిచి పీట వేయడమే కాబట్టి ఆ దారీ లేదు. మిగిలింది కరెంటు.

వంటింట్లో గాజు పలక ఉన్న ఎలక్ట్రిక్ స్టవ్ ఉంది. నా 8 గ్యాలన్ల స్టీలు కెటిల్‌ను దాని మీద పెడితే అడుగు భాగం బర్నర్ గీతను దాటి చుట్టూ రెండేసి అంగుళాలు బయటికి వస్తోంది. బర్నర్ కాసేపు ఎర్రగా వెలుగుతుంది, తనంతట తానే ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది. వోర్ట్ (మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజల నుంచి దించిన తీపి రసం, పులిశాక ఇదే బీరవుతుంది) 95, 96 డిగ్రీల దాకా వచ్చి అక్కడ మొండికేస్తుంది. మూత పెడితే మరుగుతున్నట్టే ఉంటుంది, తీయగానే చప్పబడిపోతుంది. ఈ లోపల పక్క బర్నర్ మీద మా ఇంట్లో రెండు వాయిల ఇడ్లీ దిగింది.

నాకు కనిపిస్తున్న దారులు మూడు: 1800 వాట్ల ఇండక్షన్ స్టవ్ కొనడం, కెటిల్‌కు రంధ్రం చేసి లోపల ఎలిమెంట్ బిగించడం, లేదంటే మాష్ (గింజలను వేడినీళ్లలో నానబెట్టి తీపి దించడం), మరిగింపు రెండూ ఒకే పాత్రలో జరిగే రెడీమేడ్ యంత్రం కొనడం. గోడలోని వైరింగ్‌ను ముట్టుకోలేను. బడ్జెట్ 400 డాలర్లు. ఇంటి లోపల కరెంటు మీద కాస్తున్నవాళ్లు ఏది ఎంచుకున్నారు, ఎందుకు?

వోల్టుల_వెంకట్

ఏ వస్తువు కొనాలన్నది తరవాత సంగతి, ముందు గోడకున్న సాకెట్ ఎంత ఇవ్వగలదో చూడండి. 120 వోల్టుల 15 ఆంపియర్ల సర్క్యూట్ నుంచి గరిష్ఠంగా వచ్చేది 1800 వాట్లు. మూడు గంటలు లేదా అంతకు మించి ఆగకుండా నడిచే లోడు అయితే బ్రేకర్ సామర్థ్యంలో 80 శాతానికి లోబడి ఉండాలన్నది ఇక్కడి ఎలక్ట్రికల్ కోడ్ పద్ధతి, అంటే 1440 వాట్లు. 20 ఆంపియర్ల సర్క్యూట్‌కు ఈ అంకెలు 2400, 1920 అవుతాయి. వంటింటి గట్టు మీది సాకెట్లకు కనీసం రెండు 20 ఆంపియర్ల సర్క్యూట్లు ఉండాలని కోడ్ చెబుతుంది కనుక, భవనం మరీ పాతది కాకపోతే మీకూ అవి ఉండే అవకాశం ఎక్కువ.

ఇక మీ అవసరం ఎంతో చూద్దాం. 5 గ్యాలన్ల బీరు చేతికి రావాలంటే మరిగింపు మొదట్లో కెటిల్‌లో దాదాపు 26 లీటర్లు ఉండాలి. దాన్ని 20 డిగ్రీల నుంచి 100కు తేవడానికి సుమారు 2.4 యూనిట్ల కరెంటు కావాలి. అందులో మాష్ దాటాక 66, 67 డిగ్రీల నుంచి మరిగే దాకా పట్టేది ఒక యూనిట్. అంటే 1440 వాట్లతో ఈ చివరి భాగమే 40 నిమిషాలు పైన పడుతుంది, అదీ వేడి ఎక్కడికీ పోకుండా ఉంటే.

అసలు చిక్కు మరిగించడం దగ్గర కాదు, మరుగును నిలబెట్టడం దగ్గర వస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి 0.63 యూనిట్ కావాలి. 1500 వాట్లు మొత్తం ఆవిరికే ఖర్చయినా గంటకు 2.4 లీటర్లకు మించి ఎగరదు; కెటిల్ గోడల నుంచి పోయే వేడిని తీసేస్తే ఇంకా తక్కువ. ప్రొపేన్ మీద ఎగిరెగిరిపడే మరుగు చూసిన కంటికి ఇది నీరసంగా కనిపిస్తుంది, కానీ బీరుకు ఆ గంతులు అవసరం లేదు.

ఈస్ట్_గోదావరి

వెంకట్ గారి లెక్కలకు తిరుగు లేదు కానీ అపార్ట్‌మెంటుకు ఇండక్షన్‌ను మించినది లేదని నా అభిప్రాయం. రంధ్రాలు చేయనక్కర లేదు, కడగడానికి లోపల ఏమీ అడ్డుండదు, వోర్ట్ అడుగంటదు, పని అయిపోయాక అదే స్టవ్ మీద పప్పుచారు పెట్టుకోవచ్చు. పొంగు వచ్చినప్పుడు బటన్ నొక్కిన క్షణంలోనే వేడి ఆగిపోతుంది. గాజు పలక స్టవ్ ఆపినా కాసేపు వేడి వదులుతూనే ఉంటుంది. హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) వేయగానే పైకి లేచే నురగను ఒక్కసారి చూసినవాళ్లకు ఈ తేడా ఎంత విలువైనదో తెలుస్తుంది.

కుంపటి

ఈస్ట్_గోదావరి గారు ఇండక్షన్‌కు పెళ్లి సంబంధం చూస్తున్నట్టు మంచి గుణాలే చెప్పారు. మిగతావి నేను చెబుతాను. 1800 వాట్లని పెట్టె మీద రాసి ఉన్నా పాత్రలోకి చేరేది అందులో 85 శాతం దాకానే, అంటే 1500 చిల్లర. ద్రవంలో మునిగి ఉన్న ఎలిమెంట్ అయితే తీసుకున్న ప్రతి వాటూ వోర్ట్‌లోకే పోతుంది. రెండోది బరువు: 26 లీటర్ల వోర్ట్, కెటిల్ కలిపి 30 కిలోలు దాటుతుంది, ఇంటి వాడకానికి అమ్మే చిన్న ఇండక్షన్ స్టవ్‌లు చాలావరకు అంత బరువును ఉద్దేశించి చేసినవి కావు. మూడోది, వాటి టైమర్. కొన్ని మోడళ్లు కొంత సేపటికి వాటంతట అవే ఆగిపోతాయి, మాష్ మధ్యలో మీరు పక్క గదిలో ఉంటే అది ఆగిన సంగతి కూడా తెలియదు.

అన్నిటికన్నా ముందు మీ కెటిల్ అడుగున ఫ్రిజ్ మీది అయస్కాంతం ఒకటి పెట్టి చూడండి. 304 రకం స్టీలుకు అది అంటుకోదు, అంటుకోకపోతే ఇండక్షన్ పనిచేయదు. అడుగున మూడు పొరలు ఉండి బయటి పొర 430 రకం అయితేనే పనికొస్తుంది. అల్యూమినియం కెటిల్ అయితే అసలు పరీక్షే అక్కర లేదు.

నురగ_రాజా

మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఉన్నది తిరుపతి అయస్కాంతం. అది బీరు కెటిల్‌కు అంటుకోవడానికి ఒప్పుకుంటుందో లేదో.

మూడో_అంతస్తు

అయస్కాంతం అంటుకోలేదు, జారి కింద పడింది. అంటే ఇండక్షన్ కావాలంటే కెటిల్ కూడా కొత్తది కొనాలి.

వెంకట్ గారు చెప్పినట్టు గోడ కూడా చూశాను. ప్యానెల్‌లో వంటిల్లు అని రాసి ఉన్న బ్రేకర్లు రెండు, రెండింటి మీదా 20 అని ఉంది. గట్టు మీది సాకెట్లలో సింకు పక్కనున్నదాని మధ్యలో టెస్ట్, రీసెట్ బటన్లు ఉన్నాయి. ఒక చీలిక మాత్రం నిలువుగా కాకుండా అడ్డంగా పడుకున్న టి అక్షరంలా ఉంది, అది ఎందుకో తెలియలేదు.

వోల్టుల_వెంకట్

ఆ టి ఆకారపు చీలిక 20 ఆంపియర్ల సాకెట్‌కు గుర్తు. 15 ఆంపియర్ల ప్లగ్గు కూడా అందులో పడుతుంది. మధ్యలోని బటన్లు జి.ఎఫ్.సి.ఐ. అంటే కరెంటు కొద్దిగా లీకయినా, ఉదాహరణకు తడి చేతి గుండా నేలలోకి పోయినా, సెకనులో చిన్న వంతులో సరఫరా కట్ చేసే ఏర్పాటు. నీళ్లు, వోర్ట్, కరెంటు ఒకే గట్టు మీద ఉన్నప్పుడు అది లేని సాకెట్‌ను వాడనే వాడకండి. టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడాలి. పడకపోతే మీ ఇంటి యజమానికి ఫోన్ చేయవలసిన పని అది.

ఎక్స్‌టెన్షన్ కార్డు మాటే తలపెట్టకండి. తప్పనిసరి అయితే 12 గేజ్ వైరుది, వీలైనంత పొట్టిది మాత్రమే. సన్న వైరు మీద గంటల తరబడి 12, 13 ఆంపియర్లు పారితే ముందు ప్లగ్గు వేడెక్కుతుంది, తరవాత మెత్తబడుతుంది.

మెల్బోర్న్_మాల్ట్

మీ అవస్థలు చదువుతుంటే జాలి వేస్తోంది. ఇక్కడ ఆస్ట్రేలియాలో మామూలు 10 ఆంపియర్ల సాకెట్టే 230 వోల్టుల మీద 2300 వాట్లు ఇస్తుంది కాబట్టి, ఏ రెడీమేడ్ యంత్రం తెచ్చుకున్నా నేరుగా గోడకు తగిలించి పని మొదలుపెట్టేస్తాం. బ్రిటన్‌లో ఉన్న మా బావ 13 ఆంపియర్ల ప్లగ్గుతో 3000 వాట్ల దాకా లాగుతాడు. టీ కాచే పెద్ద స్టీలు అర్న్‌ను అలాగే బీరు కెటిల్‌గా వాడుకునేవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారట.

నురగ_రాజా

మెల్బోర్న్ గారు పుండు మీద కారం చల్లారు. అయితే నాదొక సందేహం. ఇండియా నుంచి వచ్చేటప్పుడు అమ్మ సూట్‌కేసులో 1500 వాట్ల హీటర్ రాడ్ పెట్టింది, ఇప్పటిదాకా వాడలేదు. బకెట్‌లో వేడినీళ్లకు పనికొచ్చింది కెటిల్‌లో వోర్ట్‌కు పనికిరాదా?

వోల్టుల_వెంకట్

పనికిరాదు, రెండు కారణాల వల్ల. వోల్టేజి సగమైతే వాట్లు సగం కావు, నాలుగో వంతు అవుతాయి. 230 వోల్టులకు చేసిన 1500 వాట్ల రాడ్ ఇక్కడ 120 వోల్టుల మీద 400 వాట్లు ఇస్తుంది. 26 లీటర్లను మరిగించడం మాట అటుంచి, గోరువెచ్చగా ఉంచడానికే సరిపోతుంది. రెండోది, ఆ రాడ్ల పైపూత, పైభాగంలోని ప్లాస్టిక్ పిడి ఆమ్లగుణం ఉన్న వోర్ట్‌లో గంటల కొద్దీ ఉడకడానికి ఉద్దేశించినవి కావు.

అయితే మీ ప్రశ్నలోనే మూడో_అంతస్తు గారికి కావలసిన జవాబు ఉంది. ఇదే నాలుగో వంతు సూత్రాన్ని మనకు అనుకూలంగా తిప్పుకోవచ్చు. 240 వోల్టులకు చేసిన 5500 వాట్ల గీజర్ ఎలిమెంట్‌ను 120 వోల్టులకు తగిలిస్తే అది 1375 వాట్ల ఎలిమెంట్‌గా పనిచేస్తుంది. లాగేది పదకొండున్నర ఆంపియర్లు, 20 ఆంపియర్ల సర్క్యూట్‌కు అదొక లెక్క కాదు. పైగా అంత పొడవైన ఎలిమెంట్ మీద అంత తక్కువ వేడి పరుచుకుంటుంది కనుక వోర్ట్ మాడే ప్రశ్నే రాదు. తరవాత ఎప్పుడైనా సొంత ఇంటికి మారి 240 వోల్టుల సాకెట్ దొరికితే అదే ఎలిమెంట్ తన పూర్తి 5500 వాట్లూ ఇస్తుంది.

కుంపటి

వెంకట్ గారు నా నోట్లో మాట లాక్కున్నారు. మాడడం గురించి ఒక మాట చేరుస్తాను. ఎలిమెంట్ కొనేటప్పుడు వాట్లు ఒక్కటే చూడకూడదు, చదరపు అంగుళానికి ఎన్ని వాట్లు అన్నది చూడాలి. మామూలు గీజర్ ఎలిమెంట్లలో అది 150 దాకా ఉంటుంది, నీళ్లకు ఫరవాలేదు. వోర్ట్‌లో చక్కెరలు, ప్రొటీన్లు ఉంటాయి కాబట్టి 50 దగ్గర ఉండే, అలలు అలలుగా వంచిన పొడవాటి రకం కావాలి. గోధుమ మాల్ట్ ఎక్కువ వేసే బీర్లలో, సంచిలో గింజలు వేసి మాష్ చేసేవాళ్ల కెటిళ్లలో పిండి అడుక్కు చేరి ఎలిమెంట్ మీద పేరుకుంటుంది. అక్కడ మాడితే ఆ వాసన బీరు చివరి గుక్క దాకా వదలదు.

ఇంకొకటి, ఎలిమెంట్ ద్రవంలో మునగకుండా స్విచ్ వేయకండి. గాలిలో వెలిగిన ఎలిమెంట్ నిమిషం లోపే పోతుంది, నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది. సాకెట్‌లో ప్లగ్గు పెట్టడం చిట్టచివరి పని, తీయడం మొట్టమొదటి పని.

చలి_మిన్నెసోటా

మీరంతా ఇంజనీర్లలా ఉన్నారు. రంధ్రాలు చేయడం, వైర్లు బిగించడం చేతకాని నాలాంటివాళ్ల కోసం మూడో దారి గురించి కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి. నేను ఆన్విల్ ఫౌండ్రీ 10.5 గ్యాలన్ల యంత్రం వాడుతున్నాను. వెనక ఉన్న స్విచ్‌తో 120 వోల్టులకో 240కో మార్చుకోవచ్చు, 120 మీద 1600 వాట్లు, 240 మీద 2800 వాట్లు ఇస్తుంది. గ్రెయిన్‌ఫాదర్ అమెరికా మోడల్ కూడా 1600 వాట్లదే.

వీటిలో నాకు నచ్చింది టైమర్. జనవరిలో మా కుళాయి నీళ్లు ఐసు ముక్కల్లా ఉంటాయి, వాటిని మాష్ వేడికి తేవడానికే గంట దాటుతుంది. రాత్రే నీళ్లు పోసి తెల్లవారు జామున వేడెక్కడం మొదలయ్యేటట్టు పెట్టి పడుకుంటాను, నేను లేచి కాఫీ తాగేసరికి గింజలు వేయడానికి సిద్ధంగా ఉంటుంది. యంత్రం నెమ్మదిగా వేడెక్కినా ఆ సమయం నా నిద్రలోనే గడిచిపోతుంది.

కుంపటి

మనిషి నిద్రలో ఉండగా 1600 వాట్ల ఎలిమెంట్ వెలగడం నాకు ఒంటబట్టే పద్ధతి కాదు.

చలి_మిన్నెసోటా

ఇంట్లో గీజర్ మీరు నిద్రపోయినప్పుడు ఆగి ఉంటోందా?

కుంపటి

గీజర్‌కు పొంగే గుణం లేదు. అయినా నీళ్ల వరకే అయితే ఒప్పుకుంటాను, వోర్ట్ ఉన్నప్పుడు మాత్రం పక్కన మనిషి ఉండవలసిందే.

సియాటెల్_సుధ

అందరూ వేడి గురించే మాట్లాడుతున్నారు, ఆవిరి సంగతి ఎత్తలేదు. అపార్ట్‌మెంటులో మీ పద్ధతి నిలబడుతుందో లేదో తేల్చేది అదే. గంటలో దాదాపు రెండు లీటర్ల నీరు గాలిలోకి పోతుంది. చలికాలంలో కిటికీ అద్దాలు, పైకప్పు మూలలు, స్టవ్ పైనున్న కప్‌బోర్డు అడుగు చెమర్చి కారుతాయి. ఒకసారి కాచినందుకు ఏమీ కాదు, నెలకు రెండు సార్లు కాస్తే ఆ మూలల్లో బూజు పుడుతుంది, ఇల్లు ఖాళీ చేసే రోజున డిపాజిట్‌లోంచి అది కోసుకుంటారు.

మీ స్టవ్ మీది హుడ్ గాలిని బయటికి పంపుతుందా, వడపోసి మళ్లీ మీ మొహానే వదులుతుందా అన్నది ముందు చూసుకోండి. మా పాత అపార్ట్‌మెంటులో రెండో రకమే ఉండేది. హుడ్ ఫ్యాన్ వేసి పైనున్న జాలీ దగ్గర చెయ్యి పెడితే తెలిసిపోతుంది. అక్కడి నుంచి గాలి తగిలితే ఆ హుడ్ ఆవిరికి ఎందుకూ కొరగాదు. నేను కెటిల్‌ను కిటికీ పక్కనున్న బల్ల మీదికి మార్చి, కిటికీలో బయటికి ఊదేటట్టు బాక్స్ ఫ్యాన్ పెట్టాను. ఎదురుగా ఉన్న గది కిటికీ రెండంగుళాలు తెరిచి ఉంచాలి, లోపలికి గాలి వచ్చే దారి లేకపోతే ఫ్యాన్ ఊరికే తిరుగుతుంది.

ఈ లెక్కన కెటిల్ స్టవ్‌కు అంటిపెట్టుకుని ఉండకపోవడమే మేలు. ఎలిమెంట్ లోపలే ఉంటే ఎక్కడ కిటికీ ఉందో, ఎక్కడ 20 ఆంపియర్ల సాకెట్ ఉందో అక్కడికి కెటిల్‌ను చేర్చవచ్చు.

ఈస్ట్_గోదావరి

సుధ గారి మాట ఇండక్షన్‌కు కూడా వర్తిస్తుంది, దాన్నీ కిటికీ దగ్గరికి చేర్చవచ్చు. ఆవిరి తగ్గాలంటే మూత సగం మూసి మరిగిస్తే సరిపోతుంది.

కుంపటి

సగం మూత పెడితే డి.ఎం.ఎస్. సంగతి ఏమిటి? లేత రంగు మాల్ట్‌ను, ముఖ్యంగా పిల్స్‌నర్ మాల్ట్‌ను మరిగించేటప్పుడు పుట్టే ఆ పదార్థం ఆవిరితో బయటికి పోకపోతే బీరు ఉడికించిన మొక్కజొన్న కండెల వాసన కొడుతుంది. పిల్స్‌నర్ మాల్ట్‌ను గంటన్నర మరిగించమని పాతకాలం నుంచి చెబుతున్నది అందుకే.

సియాటెల్_సుధ

డి.ఎం.ఎస్. మరిగే వేడి 37 డిగ్రీలే, అందువల్ల వోర్ట్ నిజంగా తెర్లుతూ ఉండి, మూత పక్కన నాలుగు వేళ్లు పట్టేంత సందు ఉంటే అది ఆగదు. మూత పూర్తిగా మూసేసి, చల్లార్చడం కూడా ఆలస్యం చేస్తేనే ఇబ్బంది. నేను సగం మూతతోనే పిల్స్‌నర్ చేస్తున్నాను, మా క్లబ్బులో ముక్కు బాగా పనిచేసేవాళ్లు కూడా మొక్కజొన్న మాట ఎత్తలేదు. మూతకు లోపలి వైపు చేరే నీటి బొట్లు మళ్లీ కెటిల్‌లోకి కారకుండా మూతను బయటి వైపు వాలేటట్టు పెట్టండి.

మూతలోంచే ఆవిరిని చన్నీటి జల్లుతో నీరుగా మార్చి గొట్టం ద్వారా బకెట్‌లోకి పంపే కండెన్సర్లు కూడా అమ్ముతున్నారు. కిటికీయే లేని బేస్‌మెంట్లలో కాచేవాళ్లకు అవి బాగా పనికొస్తాయి. వేడి తక్కువ పోతుంది కాబట్టి తక్కువ వాట్లతోనూ మరుగు నిలబడుతుంది.

డెన్వర్_డాబా

మా ఊరు సముద్రమట్టానికి మైలు ఎత్తున ఉండటం వల్ల నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 1500 వాట్లతో మాకు మరుగు తొందరగానే వస్తుంది కానీ, ఆ వేడిలో హాప్స్ చేదు సరిగా దిగదు, మరి కొంత హాప్స్ వేయాలి. మూడో_అంతస్తు గారు 95 దగ్గర ఆగిపోయిందని రాస్తే, మా ఊళ్లో అయితే మీ పని అయిపోయినట్టే కదా అనుకున్నాను.

బుల్లి_బ్యాచ్

ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడుగుతాను. 5 గ్యాలన్లే ఎందుకు? నేను రెండున్నర గ్యాలన్లు కాస్తాను, మామూలు స్టవ్ మీద, నాలుగు గ్యాలన్ల కుండలో. పాత్ర బర్నర్ గీత దాటదు కాబట్టి బర్నర్ మధ్యమధ్యలో ఆరిపోవడం ఉండదు, పావుగంటలో తెర్లు వస్తుంది. పాతిక సీసాలు వస్తాయి. ఒక రకం తాగి విసుగు పుట్టకముందే ఇంకో రకం సిద్ధమవుతుంది. కొత్తగా కొనవలసింది ఏమీ లేదు.

నురగ_రాజా

పాతిక సీసాలా? తానా సభల వారాంతంలో మా ఇంటికి వచ్చే చుట్టాలకు అవి గుమ్మం దగ్గరే అయిపోతాయి.

బుల్లి_బ్యాచ్

చుట్టాలను కూడా చిన్న బ్యాచ్‌లలో పిలుచుకోండి.

గచ్చిబౌలి_గ్లాసు

ఈ చర్చ అంతా ఆసక్తిగా చదివాను. మా ఫ్లాట్‌లో గీజర్ కోసం వేసిన 16 ఆంపియర్ల సాకెట్ ఉంది, 230 వోల్టుల మీద 3500 వాట్లకు పైనే వస్తుంది. హైదరాబాద్‌లో నేనూ ఒక కెటిల్‌తో మొదలుపెట్టవచ్చా?

వోల్టుల_వెంకట్

సాకెట్ సరిపోతుంది కానీ చట్టం ఒప్పుకోదు. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం, సొంతానికే అన్నా మినహాయింపు లేదు. అమెరికాలో సొంత వాడకానికి బీరు చేసుకోవడానికి ఫెడరల్ చట్టం దారి ఇచ్చింది 1978లో, కార్టర్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు ఉంటే ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే ఉంటే 100, అమ్మకూడదు. ఇక్కడ కూడా అలబామా, మిసిసిపీ 2013 దాకా ఒప్పుకోలేదు. కాబట్టి మీరు లైసెన్సు ఉన్న మైక్రోబ్రూవరీకి వెళ్లి వాళ్ల కెటిల్‌ను చూసి రండి, వాళ్లు చాలావరకు ఆవిరి గొట్టాలతో వేడిచేస్తారు, చూడదగ్గ ఏర్పాటే.

మూడో_అంతస్తు

అందరి మాటలూ చదివాక ఇండక్షన్‌ను పక్కన పెట్టేశాను, కెటిల్‌తో కలిపి రెండు కొనే బదులు ఉన్న కెటిల్‌నే వాడుకోవడం మేలు అనిపిస్తోంది. మా వాషింగ్ మెషీన్ పక్కన బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ కూడా ఉంది, దాని సాకెట్ 240 వోల్టులదే. దాన్ని వాడుకుంటే ఒకేసారి 5500 వాట్లకు వెళ్లిపోవచ్చు కదా? సాకెట్‌కు మూడు చీలికలు ఉన్నాయి, కింది చీలిక ఎల్ అక్షరంలా ఉంది.

కుంపటి

సర్క్యూట్ మట్టుకు తట్టుకుంటుంది. 5500 వాట్లు 240 మీద 23 ఆంపియర్ల లోపు లాగుతాయి, 30 ఆంపియర్లలో 80 శాతం 24. కానీ మీరు చెప్పిన మూడు చీలికలది నీమా 10-30 అనే పాత రకం, అందులో ఎర్త్ కోసం విడిగా తీగ లేదు. 1996 కోడ్ నుంచి కొత్త ఇళ్లలో నాలుగు చీలికల 14-30 రకమే పెడుతున్నారు. మీ కెటిల్ శరీరానికి ఎర్త్ కలపడానికి అక్కడ చోటే లేనప్పుడు, తడి చేతులతో దాని పక్కన నిలబడే పని పెట్టుకోకండి.

వోల్టుల_వెంకట్

కుంపటి గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నాలుగు చీలికల సాకెట్ ఉన్నవాళ్లు కూడా మధ్యలో జి.ఎఫ్.సి.ఐ. లేకుండా తగిలించకూడదు. హాట్ టబ్‌ల కోసం అమ్మే 50 ఆంపియర్ల స్పా ప్యానెల్‌ను బ్రూయర్లు ఇందుకు వాడుకుంటారు. దానితోపాటు వేడిని చూసి పవర్‌ను సర్దే పి.ఐ.డి. కంట్రోలర్, అది చెప్పినట్టు ఎలిమెంట్‌కు కరెంటు వేసి తీసే ఎలక్ట్రానిక్ స్విచ్ అయిన సాలిడ్ స్టేట్ రిలే, ఆ రిలే వేడిని లాగే అల్యూమినియం రెక్కల పలక, ఒక మెయిన్ స్విచ్ కావాలి. రిలే చెడిపోయేటప్పుడు చాలాసార్లు తెరుచుకోకుండా మూసుకునే చెడిపోతుంది, అంటే డిస్‌ప్లే మీద ఆఫ్ అని కనిపిస్తున్నా ఎలిమెంట్ వెలుగుతూనే ఉంటుంది. అందుకే మెయిన్ స్విచ్ ఉండి తీరాలి. ఇవన్నీ కలిపితే మీ 400 డాలర్లు దాటిపోతాయి, పైగా అద్దె ఇంట్లో ఈ సరంజామా ఎందుకు?

1375 వాట్ల దారిలో కంట్రోలర్ కూడా అవసరం లేదు. పూర్తి పవర్ మీద నడిపినా అది మెల్లగానే తెర్లుతుంది.

ఈస్ట్_గోదావరి

ఇండక్షన్ ఓడిపోయిందని ఒప్పుకోను, మూడో_అంతస్తు గారి కెటిల్ ఓడిపోయింది. కొత్తగా మొదలుపెట్టి కెటిల్ ఇంకా కొననివాళ్లు ఈ చర్చ చదివితే, మూడు పొరల అడుగున్న 5 గ్యాలన్ల పాత్రతో, రెండున్నర మూడు గ్యాలన్ల బ్యాచ్‌తో, 1800 వాట్ల ఇండక్షన్‌తో హాయిగా కాచుకోవచ్చు. బుల్లి_బ్యాచ్ గారు నా పక్షాన ఉంటారని ఆశిస్తున్నాను.

బుల్లి_బ్యాచ్

ఇండక్షన్ కొనేందుకు మా ఆవిడ ఒప్పుకునే దాకా తటస్థంగా ఉంటాను.

మూడో_అంతస్తు

అయితే ఇలా చేద్దామనుకుంటున్నాను. కెటిల్‌కు 5500 వాట్ల పొడవాటి ఎలిమెంట్ బిగించి 120 మీద నడపడం, చుట్టూ గీజర్లకు చుట్టే వెండి రంగు ఇన్సులేషన్ చుట్టడం, బ్యాచ్‌ను 4 గ్యాలన్లకు తగ్గించడం. కెటిల్‌ను సుధ గారు చెప్పినట్టు కిటికీ పక్కన పెడతాను. ఎలిమెంట్ ఉన్న కెటిల్‌నే స్టవ్ బర్నర్ మీద కూడా పెడితే రెండు వేడులూ కలిసి పని తొందరగా అవుతుందా అని ఒక ఆలోచన వచ్చింది.

సియాటెల్_సుధ

ఆ ఆలోచన మానండి. ఎలిమెంట్ వైరు కెటిల్ అడుక్కు మూడు నాలుగు అంగుళాల ఎత్తులో బయటికి వస్తుంది, బర్నర్ గాజు పలక వేడికి ఆ వైరు తొడుగు కరుగుతుంది. స్టవ్‌ను మరోలా వాడుకోండి. దాని సర్క్యూట్ గట్టు సాకెట్లకు సంబంధం లేనిది కనుక రెండూ ఒకేసారి నడవవచ్చు. మాష్ కోసం కావలసిన నీళ్లలో సగం మామూలు గిన్నెల్లో స్టవ్ మీద వేడిచేసి, మిగతా సగం కెటిల్‌లో వేడెక్కుతుండగా కలపండి. మొదటి దశలో మీకు పట్టే సమయం దాదాపు సగమవుతుంది.

వోల్టుల_వెంకట్

4 గ్యాలన్ల బ్యాచ్‌కు మరిగింపు మొదట్లో 21, 22 లీటర్లు ఉంటాయి. మాష్ వేడి నుంచి తెర్లు రావడానికి 1375 వాట్లతో లెక్క ప్రకారం 40 నిమిషాల లోపు, ఇన్సులేషన్ ఉన్నా పోయే వేడిని కలిపితే 45, 50 నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో గింజల సంచి పిండుకోవడం, హాప్స్ తూచుకోవడం ఎలాగూ ఉంటాయి. కరెంటు ఖర్చు బ్యాచ్‌కు అయిదు యూనిట్ల లోపే తేలుతుంది.

కుంపటి

రంధ్రం చేసేటప్పుడు పనికొచ్చే సంగతులు. అంగుళం మర ఉన్న ఎలిమెంట్‌కు అంగుళంపావు రంధ్రం కావాలి. మామూలు డ్రిల్ బిట్‌తో స్టీలు చిరిగిపోతుంది. మెట్లు మెట్లుగా ఉండే స్టెప్ బిట్ తెచ్చుకుని, నెమ్మదిగా తిప్పుతూ, రంధ్రం మీద నూనె చుక్కలు వేస్తూ ఉండండి. రంధ్రం వీలైనంత కిందికి రావాలి కానీ లోపలి నట్టు కెటిల్ అడుగు వంపుకు తగలకూడదు, ముందు నట్టును లోపల పెట్టి చూసుకుని పెన్నుతో గుర్తు పెట్టుకోండి. గింజల సంచి ఎలిమెంట్‌కు ఆనకుండా దాని పైన ఒక స్టీలు జాలీ ఉండాలి. ఎర్త్ తీగను ఎలిమెంట్ పెట్టెకు కలిపి వదిలేయకుండా, కెటిల్ లోహానికి నేరుగా బోల్టుతో బిగించండి.

వోల్టుల_వెంకట్

బిగించాక ప్లగ్గు పెట్టకుండానే కెటిల్ నిండా నీళ్లు పోసి ఒక రాత్రి ఉంచి, పొద్దున్నే సిలికాన్ వాషర్ కింద పొడి టిష్యూ కాగితం అద్ది చూడండి. తడి తగిలితే నట్టు ఇంకో పావు చుట్టు బిగించండి, అంతకు మించి బిగిస్తే వాషర్ నలిగిపోతుంది. పొడిగా ఉంటే ఉత్త నీళ్లతోనే ఒక గంట మరిగించి, ఎంత ఎగిరిందో స్కేలుతో కొలిచి ఇక్కడ రాయండి, దాన్నిబట్టి మొదట ఎన్ని లీటర్లు పోయాలో లెక్క కట్టి చెబుతాను.